రేడార్‌ను పసిగట్టు యంత్రము: చట్టము

మోటారుబండ్ల వేగమును కొలుచుటకు పాశ్చాత్య దేశముల రక్షకభటులు రేడార్ యను సాధనమును వాడుదురు. అది బండిమీదికి రేడియో తరంగమును పంపును. పరుగెత్తు బండికి తగిలి మరలిన తరంగముయొక్క స్పందన సంఖ్య కొంచెము మారియుండును. సెకనుకు 2,415 కోట్ల స్పందనలుగల తరంగము, గంటకు 100 కిలోమీటర్ల వేగమున నెదురువచ్చు బండిని తాకినచో, ఆ మార్పు సుమారు 4,470 స్పందనలు. రైలుకూత దగ్గరకు వచ్చునపుడు హెచ్చుస్వరముగను, దాటిపోవునపుడు తగ్గుస్వరముగను వినబడుటకు గల కారణమే దీనికిని కారణము.

ఈ తరంగమును పసిగట్టి బండి నడుపువానిని హెచ్చరించు చిన్న యంత్రములు కలవు. భటుని సాధనమునకు తరంగము పోయి మరలి వచ్చినగాని పని జరుగదు. ఈ యంత్రమునకు వచ్చుట యొక్కటియే చాలును. కావున భటుడు వేగమును కనుగొనకమునుపే నడుపువాడు జాగ్రత్తపడగలడు. వేగమును తగ్గించు యంత్రము మంచిదే కదా యను వారు కలరు. ఆ తగ్గుట భటుడున్నంత మేరకే!

ఇట్టిదానిని బండిలో నుంచుకొనుట నేరమా? ఇంగ్లండులో నీ ప్రశ్న యొక్క పదముపై నిలిచినది. 1949వ సంవత్సరపు వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము, అనుమతి లేక పరుల సందేశములోని విషయమును దెలిసికొనుటకై యంత్రమును వాడుట నిషేధించెను. ఆ నియమముక్రింద శిక్షింపబడిన యొకరు పై న్యాయస్థానము నాశ్రయింపగా, 1998లో హైకోర్టువారు రేడార్ తరంగము సందేశము కాదని తీర్పు చెప్పిరి. గోడకు కొట్టిన బంతి తిరిగి వచ్చినంతమాత్రమున నది యుత్తరమగునా? ఆ యంత్రము నాకు రుచింపదు గాని, తీర్పు న్యాయమేయని తోచుచున్నది.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో స్వంత బండ్లయందు దీనిని వాడుట దాదాపు అంతటను సమ్మతమే. గాలిలో నందరిపైబడు తరంగమును గ్రహించుట పౌరుని హక్కని దీనిని సమర్థించువారి వాదము. వర్జీనియా రాష్ట్రమును, వాషింగ్టన్ నగరమును మాత్రము నిషేధించినవి. రాష్ట్రములు దాటి సరకు మోయు పెద్ద లారీలలో 1994 మొదలు కేంద్రప్రభుత్వమే నిషేధించినది. కెనడాలో సస్కాచువాన్‌నందు దోషములేని యంత్రము, సరిహద్దు దాటి మానిటోబాలో నడుగిడగనే నేరమగును.

వినుటకే పుట్టిన యీ యంత్రములలో ననేకములనుండి స్వల్పమైన తరంగము వెలికి పొక్కును. దానినిబట్టి యంత్రమున్న బండిని గుర్తించు సాధనములను నిషేధమున్న చోట్ల భటులు సంపాదించుకొనిరి. పసిగట్టువానిని మరల పసిగట్టుట యన్నమాట!

రేడార్‌ను తికమకపెట్టుటకు తానే తరంగమును పంపు యంత్రము వేరు. అది వినుట కాదు, అడ్డుట. అమెరికాలో నన్ని రాష్ట్రములయందును కేంద్రచట్టము దానిని నిషేధించినది.