గట్ల కొలత మారదు, చెరువు మారును

కోనసీమలో సముద్రతీరము నంటియున్న ఉప్పలగుప్తం మండలమున వరిచేలతోపాటు రొయ్యల చెరువులును కలవు. చెరువునకు కౌలు విస్తీర్ణమును బట్టి నిర్ణయమైనప్పుడు కొలతలోని పొరపాటు సొమ్ము నష్టమగును. నాలుగు గట్లను కొలిచి, ఎదురెదురు గట్ల సగటులను హెచ్చవేయుట ఒక పాత పద్ధతి. ఇది సరియైనదేనా?

ఒక చెరువు ఎదురెదురు గట్లు రెండు 60 మీటర్లు, తక్కిన రెండు 40 మీటర్లు అనుకొందము. పై పద్ధతి ప్రకారము విస్తీర్ణము 2,400 చదరపు మీటర్లు, అనగా రమారమి 59 సెంట్లు.

దీనిని పరీక్షించుటకు జియోజిబ్రా అను కంప్యూటరు సాధనము ఉపకరించును. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమున మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో దీనిని ప్రారంభించెను. విద్యార్థులకు ఉచితముగా లభించు ఈ సాధనము సెల్‌ఫోనులోను పనిచేయును. కాగితముపై గీసిన పటము కదలదు. ఇందులో ఒక బిందువును వ్రేలితో లాగినచో, దానిపై ఆధారపడిన గీతలన్నియు తమ నియమము తప్పక కదలును.

పది మీటర్లను ఒక ప్రమాణముగా గైకొని, 6 ప్రమాణముల కఖ రేఖను గీయుడు. క కేంద్రముగా 4 ప్రమాణముల వ్యాసార్ధముతో వృత్తము గీసి, దానిపై ఘ బిందువు నుంచుడు. ఖ కేంద్రముగా 4, ఘ కేంద్రముగా 6 ప్రమాణముల వ్యాసార్ధములతో మరి రెండు వృత్తములు గీయుడు. అవి ఖండించుకొను రెండు బిందువులలో, భుజములు ఒకదానినొకటి దాటకుండ చేయుదానిని గ అనుడు. కఖగఘ మన చెరువు.

ఇప్పుడు ఘ ను లాగుడు. క వద్ద కోణము 90 డిగ్రీలైనప్పుడు వైశాల్యము 24 ప్రమాణములు. 60 డిగ్రీలకు అది 20.78, 30 డిగ్రీలకు 12 మాత్రమే! గట్ల పొడవు అణుమాత్రము మారలేదు. అయినను 60 డిగ్రీల చెరువులో ఉన్నది 51 సెంట్లే. పాత లెక్కను నమ్మిన కౌలుదారు లేని 8 సెంట్లకు సొమ్ము చెల్లించును.

ఇట్లు ఎల్లప్పుడును జరుగునా? కొన్ని పటములను చూచినంత మాత్రమున చెప్పరాదు. దానికి ఉపపత్తి కావలెను. త్రిభుజ వైశాల్యము దాని రెండు భుజముల లబ్ధములో సగమును మించదు. చతుర్భుజమును మొదట ఒక కర్ణముతోను, పిదప రెండవ కర్ణముతోను త్రిభుజములుగా విభజించి, ఈ నియమమును వర్తింపజేసి, రెండు ఫలితములను కూడినచో, సగటుల లబ్ధము నిజ వైశాల్యమునకు ఎన్నడును తగ్గదని తేలును. రెండును సమానమగునది దీర్ఘచతురస్రమునందే.

ఈ విషయము మన పూర్వులకు తెలియనిది కాదు. 628లో బ్రహ్మగుప్తుడు ఈ పద్ధతి స్థూలమని చెప్పెను. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు, కర్ణమునో లంబమునో తెలుపక చతుర్భుజ వైశాల్యమును అడుగువానిని, చెప్పబూనువానిని కూడ పరిహసించెను.

కావున ఐదవ కొలత అవసరము. మన 60 డిగ్రీల చెరువులో ఖ నుండి ఘ కు దూరము సుమారు 53 మీటర్లు. దానిని స్థిరపరచినచో చెరువు రెండు త్రిభుజములగును; ఘ ఇక కదలదు. మూడు భుజములు తెలిసిన త్రిభుజమునకు వైశాల్యము ఒక్కటే. చెరువునకు నీరు పెట్టకముందే టేపును మూలనుండి మూలకు ఒక్కసారి లాగినచో ఈ కొలత లభించును.