'తోసుకుంటూ' వెళ్తే 'హిజ్ వే'.. ఆంగ్ల వాక్యానికి తెలుగులోనే తాళంచెవి

నెల్లూరు: కార్తీక పౌర్ణమి నాడు మైపాడు తీరం భక్తులతో కిటకిటలాడుతుంది. ఆ సందడిని తలచుకుని 'అతను జనాన్ని తోసుకుంటూ సముద్రం దగ్గరికి వెళ్లాడు' అనే వాక్యాన్ని ఆంగ్లంలో రాయమంటే, తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి చాలాసార్లు 'హి పుషింగ్ ద పీపుల్ వెంట్ టు సీ' అని రాస్తాడు. మాటలన్నీ ఉన్నాయి. అర్థమే దారి తప్పింది. 'వెంట్ టు సీ' అంటే ఓడలో నావికుడిగా చేరాడని భావం. సముద్రపు ఒడ్డుకు వెళ్లాడని చెప్పాలంటే 'సీ'కి ముందు 'ద' ఉండి తీరాలి. ఇక తోసుకుంటూ వెళ్లడాన్ని ఆంగ్లేయుడు మరో విధంగా చెబుతాడు. 'హి పుష్డ్ హిజ్ వే త్రూ ద క్రౌడ్ టు ద సీ'.

ఈ వాక్యంలో 'వెళ్లాడు' అనే క్రియ ఎక్కడా లేదు. తోయడమే ప్రధాన క్రియ అయింది. దాని వెనుక 'అతని దారి' అనే షష్ఠీ పదబంధం, ఆపైన 'గుండా', 'వద్దకు' అనే అర్థాలనిచ్చే చిన్న మాటలు చేరాయి. కదలిక అంతా వాటిలోనే ఉంది.

క్రియలో ఏముంది?

అమెరికా భాషా శాస్త్రవేత్త లెనార్డ్ టామీ 1985లో వెలువరించిన వ్యాసంలో ప్రపంచ భాషలను ఈ కోణం నుంచి విభజించారు. కొన్ని భాషల్లో ఎటు కదిలిందన్నది క్రియలోనే ఉంటుంది. మరికొన్నింటిలో ఎలా కదిలిందన్నది క్రియ చెబితే, ఎటు అన్నది పక్కన చేరే చిన్న మాటలు చెబుతాయి. ఆంగ్లం రెండో కోవకు చెందింది. తెలుగు ఎక్కువగా మొదటి కోవలో నడుస్తుంది. ఎక్కు, దిగు, దాటు, చేరు, వెళ్లు అన్నవి మన క్రియలు. ఈదడం, పాకడం, తోయడం వంటివి వాటికి ముందు అసమాపక క్రియలుగా నిలుస్తాయి. 'ఈదుతూ ఒడ్డుకు చేరాడు' అని మనం అంటే, ఆంగ్లేయుడు 'హి స్వామ్ టు ద షోర్' అని ముగిస్తాడు. మన సమాపక క్రియ అక్కడ 'టు' అనే రెండక్షరాల మాటగా కుదించుకుపోతుంది. మన అసమాపక క్రియ వాక్యానికి పెద్దదిక్కు అవుతుంది.

'వే' చేరే వాక్యాల సంగతి ఇంకా విచిత్రం. మోచేతితో నెట్టడాన్ని తెలిపే 'ఎల్బో'లో ప్రయాణం లేదు. 'బ్రైబ్' అంటే లంచమివ్వడం, అందులోనూ నడక లేదు. అయినా 'షి ఎల్బోడ్ హర్ వే టు ద కౌంటర్' అనీ, 'హి బ్రైబ్డ్ హిజ్ వే ఇంటు ద జాబ్' అనీ అనవచ్చు. రెండో వాక్యానికి అర్థం మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఏ ఒక్క మాటలోనూ లేని కదలిక మొత్తం వాక్య నిర్మాణం నుంచే పుడుతోందని భాషావేత్త అడెల్ గోల్డ్‌బర్గ్ 1995 నాటి తన గ్రంథంలో వివరించారు. ఈ నిర్మాణం సాధారణంగా అడ్డంకిని, దాన్ని దాటే ప్రయాసను సూచిస్తుందని కూడా ఆమె చూపారు. అందుకే ఊరికే నడిచి వెళ్లినప్పుడు 'వాక్డ్ హర్ వే టు స్కూల్' అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

మన 'కొను'లో మర్మం

ఇంతవరకు వినేసరికి ఇది పూర్తిగా పరాయి సొత్తు అనిపించవచ్చు. అయితే 'తోసుకుంటూ' అనే మాటను విడదీసి చూడాలి. తోసి అన్నదానికి 'కొను' చేరింది. చేసే పని చేసేవాడికే చెందుతుందని తెలిపే ఈ అనుబంధ క్రియను ఆత్మార్థకమని వ్యాకరణాలు పేర్కొంటాయి. తోస్తూ వెళ్లినవాడు బండిని తోస్తూ ఉండవచ్చు. తోసుకుంటూ వెళ్లినవాడు మాత్రం తనకు దారి చేసుకుంటున్నాడు. ఆంగ్లంలో 'హిజ్ వే' చేసే పని దాదాపు ఇదే. ఆ షష్ఠి ఎప్పుడూ కర్తనే సూచించాలి. అతను తోస్తే 'హిజ్', ఆమె తోస్తే 'హర్', పడవ తోసుకుపోతే 'ఇట్స్'. మూడింటికీ తెలుగులో 'తన' ఒక్కటే సరిపోతుంది కాబట్టి పిల్లలు ఇక్కడ తడబడతారు.

చీకట్లో 'తడుముకుంటూ' తలుపు దగ్గరికి వెళ్తే 'గ్రోప్డ్ హిజ్ వే టు ద డోర్'. అలలను 'చీల్చుకుంటూ' పడవ ముందుకు సాగితే 'ఫోర్స్డ్ ఇట్స్ వే త్రూ ద వేవ్స్'. అలాగని 'కొను' కనిపించిన ప్రతిచోటా 'వే' పెట్టరాదు. 'పాట పాడుకుంటూ ఇంటికి వెళ్లాడు' అన్నప్పుడు అడ్డంకి ఏదీ లేదు. అక్కడ 'వెంట్ హోమ్ సింగింగ్' అంటే చాలు.

రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో 2020-21 నుంచి ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉంటాయి. మంచి సదుపాయమే. కానీ మాటకు మాట జత కలుపుతూ చదివితే, 'వెళ్లాడు'కు ఎదుట ఏ మాటా దొరకని వాక్యం వద్ద పిల్లవాడు ఆగిపోతాడు. 'కొను' సంగతి తరగతి గదిలో ఒక్కసారి చెబితే ఆ తికమక చాలావరకు తీరుతుంది.

డాక్టరు 'దగ్గరికి'

షష్ఠికీ గమనానికీ పొత్తు కుదిరే చోటు మరొకటుంది. నెల్లూరుకు వెళ్లాను అంటాం కానీ 'డాక్టరుకు వెళ్లాను' అనం. ఊరికైతే 'కు' చాలు, మనిషికైతే 'దగ్గరికి' కావాలి. బంధువులైతే 'మామయ్య వాళ్లింటికి' అంటాం. ఆంగ్లంలో 'వెంట్ టు మై అంకుల్స్' అంటే చాలు. చివరి 'స్' ధ్వనిలోనే ఇల్లు దాగి ఉంది. మన విద్యార్థులు వదిలేసేది సరిగ్గా ఆ ధ్వనినే. ఇక తెలుగులో 'ఇంటికి' అనడంలో 'కి' ఉంది కనుక 'వెంట్ టు హోమ్' అని రాసేస్తారు. ఒంటరి 'హోమ్'కు 'టు' పనికిరాదు. 'మై అంకుల్స్ హోమ్' అని షష్ఠి చేరిన మరుక్షణం 'టు' తిరిగి వస్తుంది.

తీరం వెంబడా? తీరం దాటా?

పరీక్షలో పోయేవి ఒకటి రెండు మార్కులే. తీర గ్రామాల్లో మాత్రం ఈ చిన్న మాటలకు విలువ వేరు. 1989 నవంబరులో పెనుతుపాను కావలి సమీపంలో తీరం దాటింది. 2023 డిసెంబరులో వచ్చిన మిగ్‌జాం తుపాను నెల్లూరు తీరానికి దాదాపు సమాంతరంగా ఉత్తరానికి కదిలి, 5వ తేదీన బాపట్ల సమీపంలో తీరం దాటింది. మొదటి దాన్ని చెప్పడానికి 'అక్రాస్ ద కోస్ట్' కావాలి. రెండోది నెల్లూరు పక్కగా సాగిన తీరును చెప్పడానికి 'అలాంగ్ ద కోస్ట్' కావాలి. ఆంగ్ల బులెటిన్ చదివి ఊరివారికి చెప్పే యువకుడు ఈ రెండింటినీ తారుమారు చేస్తే, గాలి మన మీదికి వస్తుందా, పక్క నుంచి పోతుందా అన్నదే మారిపోతుంది.

ఈ తేడాను గుర్తుంచుకోవడానికి మన ప్రాంతంలోనే ఆనవాళ్లున్నాయి. బకింగ్‌హాం కాలువ తీరం వెంబడి సాగుతుంది, అది 'అలాంగ్'. సూళ్లూరుపేట 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడి నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును అడ్డంగా దాటుతుంది, అది 'అక్రాస్'.

మత్స్యకారులకు వాతావరణ శాఖ చేసే హెచ్చరికలో 'నాట్ టు వెంచర్ ఇంటు ద సీ' అనే పలుకుబడి తరచూ వినిపిస్తుంది. 'వెంచర్'లో సాహసం, ప్రమాదం రెండూ ఉన్నాయి. తెలుగులో 'సముద్రంలోకి వేటకు వెళ్లరాదు' అని చెప్పేటప్పుడు ప్రమాదం జారిపోయి, దాని స్థానంలో 'వేట' చేరింది. నష్టమేమీ లేదు. తీరవాసికి ఎందుకు వెళ్తున్నారన్నదే ముందు తెలియాలి. 'ఇంటు' మాత్రం చెక్కుచెదరకుండా 'లోకి' అయింది. సముద్రంలో, సముద్రానికి, సముద్రంలోకి అనే మూడింటినీ తెలుగు స్పష్టంగా వేరు చేస్తుంది. 'ఇన్', 'టు', 'ఇంటు'ల పట్టిక బట్టీ పట్టే విద్యార్థి, ఇస్కపల్లి ఒడ్డున నిలబడి పడవ ఎక్కడుందో, ఎటు పోతోందో తెలుగులో చెప్పి చూస్తే మూడూ వాటంతటవే వచ్చి కుదురుకుంటాయి.