కరెంటు పెట్టే లెక్క

"ఉన్న కరెంటంతా ఒక్కరోజే పెట్టీసి పంపించీకూడదేటమ్మా?" అని అడుగుతుంటారు, రేడియేషన్‌కి వచ్చినవాళ్లు. అడగరా మరి! శ్రీకాకుళం పక్క నుంచి విశాఖ వచ్చి, ఆస్పత్రి దగ్గర గది తీసుకుని ఐదు వారాలుండాలంటే కూలి పోతుంది, పిల్లల బడి పోతుంది. మోతాదు లెక్కలు చూసేది మా మెడికల్ ఫిజిసిస్టులం కాబట్టి జవాబు నా మీద పడుతుంది.

కిరణం కణంలోని డీఎన్‌ఏని రెండు విధాల చెడగొడుతుంది. ఒక్క దెబ్బకే రెండు పోగులూ తెగడం ఒకటి. ఇది డోసుతో సమంగా పెరుగుతుంది. విడివిడిగా తగిలిన రెండు దెబ్బలు కలిసి కణాన్ని చంపడం ఇంకొకటి. ఇది డోసు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొదటిది ఆల్ఫా, రెండోది బీటా. వీటి నిష్పత్తి చాలా గడ్డలకు 10 గ్రేలు (గ్రే అంటే డోసు కొలమానం), చుట్టూ ఉన్న మామూలు కండకు 3 గ్రేలు అని పట్టుకుని లెక్క మొదలుపెడతాం.

కాగితమ్మీద వేసి చూడండి. ఒక సిట్టింగు డోసుని ఆ నిష్పత్తితో భాగించి, ఒకటి కలిపి, మొత్తం డోసుతో హెచ్చవేస్తే కణాలకు తగిలే అసలు దెబ్బ ఎంతో వస్తుంది. రోజుకు 2 గ్రేల చొప్పున 25 సిట్టింగులైతే గడ్డకు 60, మామూలు కండకు 83. గడ్డకు అదే 60 ఒక్కరోజులో తగలాలంటే 20 గ్రేలు చాలు. కానీ మామూలు కండకు 83 కాస్తా 153 అవుతుంది! ఇంత పెద్ద డోసుల దగ్గర సూత్రం అంత నిక్కచ్చిగా ఉండదు గానీ, ప్రమాదం ఎటువైపో చెబుతుంది. మెదడులో చిన్న గడ్డకు ఒక్కరోజులో పెట్టే వైద్యం వేరు. అక్కడ పక్క కండకు కిరణం వీలైనంత తగలకుండా గురి చూస్తాం.

రొమ్ము కేన్సర్‌కి ఈ 10 నప్పలేదు. బ్రిటన్‌లో జరిగిన స్టార్ట్ పరీక్షల్లో అది 4కి దగ్గర్లో తేలింది. గడ్డా, కండా ఇంచుమించు ఒకే తీరున్నప్పుడు డోసుని అన్ని ముక్కలు చేసి లాభమేముంది? 25 రోజుల 50 గ్రేలకు బదులు, 15 రోజుల్లో 40 గ్రేలు సరిపోయాయి. 2020లో వచ్చిన ఫాస్ట్-ఫార్వర్డ్ పరీక్ష ఫలితాలు ఒక్క వారంలో ఐదు సిట్టింగులు, 26 గ్రేల దాకా తీసుకొచ్చాయి. సూత్రం ఆశ పెట్టింది. డాక్టర్లు నమ్మింది మాత్రం రోగుల్ని ఏళ్లతరబడి చూశాకే, నా ఉద్దేశంలో అదే మంచిది.

గొంతు కేన్సర్ దగ్గర చిక్కు వేరు, వైద్యం మధ్యలో ఆపకూడదు. మొదలుపెట్టి నాలుగు వారాలు దాటాక మిగిలిన గడ్డ కణాలు జోరుగా పెరుగుతాయి. ఒక రోజు ఆలస్యమైతే సుమారు 0.6 గ్రే ఆ పెరుగుదలకే సరి. అందుకే సంక్రాంతికి ఊరెళ్లొస్తామంటే వద్దంటాను. మాట వినకుండా వెళ్లొచ్చినవాళ్లకు, పోయిన సిట్టింగుని ఆరు గంటల ఎడమిచ్చి అదే రోజు రెండోసారి పెట్టి పూడుస్తాం.