తొలకరి రాణి చీమలు: గుర్తింపు, సంరక్షణ

తొలకరి వాన వెలిసిన సాయంకాలాల్లో దీపాల చుట్టూ ముసిరే రెక్కల పురుగులన్నింటినీ ఉసిళ్ళుగానే భావించడం తెలుగునాట పరిపాటి. ఉసిళ్ళు చెదపురుగుల జాతికి చెందినవి కాగా, అదే వేళ అదే వెలుగు కిందికి చేరేవాటిలో రెక్కల చీమలు కూడా ఉంటాయి, వాటిలోని ఆడవే కొత్త పుట్టలకు మూలమయ్యే రాణులు. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవున ఉంటాయి, మీసాలు పూసలు గుచ్చినట్లు తిన్నగా ఉంటాయి, నడుము సన్నబడదు. చీమకు ముందురెక్కలు వెనుకరెక్కల కంటే పొడవైనవి, మీసాలు మధ్యలో వంగి ఉంటాయి, నడుము బాగా సన్నగా ఉంటుంది. ఈ మూడు గుర్తులూ తెలిస్తే పొరపాటుకు తావుండదు.

పుట్టలో పెరిగిన రాణులూ మగ చీమలూ అనువైన తేమ, వెచ్చదనం కలిసివచ్చిన రోజున మూకుమ్మడిగా బయటికి ఎగిరి జతకూడతాయి. ఆ తరువాత మగ చీమలు కొద్దికాలంలోనే చనిపోతాయి. రాణి మాత్రం తాను స్వీకరించిన వీర్యాన్ని శుక్రగ్రాహిక అనే చిన్న సంచిలో భద్రపరచుకొని, ఏళ్ల తరబడి దానితోనే గుడ్లను ఫలదీకరిస్తుంది. ఫలదీకరించిన గుడ్ల నుంచి ఆడ చీమలు, అంటే శ్రామికులూ కాబోయే రాణులూ, ఫలదీకరించని వాటి నుంచి మగ చీమలు పుడతాయి. నేలకు దిగిన రాణి తన రెక్కలను తానే విరిచివేసుకొని, దాగడానికి తగిన చోటు వెదకుతూ ఒంటరిగా తిరుగుతుంది. సాధారణంగా మనుషుల కంటపడేది ఈ దశలోనే.

రెక్కలు లేని రాణిని గుర్తించడానికి పరిమాణం ఒక్కటే ఆధారం కాజాలదు. కాంపోనోటస్ కంప్రెసస్ అనే శాస్త్రీయనామం గల నల్లని గండుచీమల్లో పెద్ద తల, బలమైన దవడలు గల పెద్ద శ్రామికులు ఉంటాయి, వాటిని రాణులుగా పొరబడేవారు ఎక్కువ. అసలు చూడవలసింది ఉరాన్ని, అంటే తలకూ పొట్టకూ నడుమనున్న భాగాన్ని. ఎగిరే కండరాలకు చోటు కావలసి ఉన్నందువల్ల రాణి ఉరం ఎత్తుగా, ఉబ్బుగా, పలు పలకలుగా విడివడి కనిపిస్తుంది, దాని పక్కల రెక్కలు ఊడిన మచ్చలు నిలిచి ఉంటాయి. శ్రామికుల ఉరం సన్నగా ఉంటుంది. భూతద్దంతో చూస్తే గండుచీమల రాణి తలపై మూడు చిన్న సరళ నేత్రాలు కూడా కనబడతాయి, ఆ జాతి శ్రామికులకు అవి ఉండవు. అయితే రెక్కలు ఊడినంత మాత్రాన జతకూడినట్లు కాదు. జతకూడని రాణి పెట్టే గుడ్ల నుంచి మగ చీమలే వస్తాయి, పుట్ట నిలవదు.

జాతిని తెలుసుకోవడం సంరక్షణకు తొలిమెట్టు. గండుచీమల రాణి, ఆకులను కలిపి కుట్టి చెట్లపై గూడు కట్టే ఎర్రచీమల రాణి మొదటి శ్రామికులు ఎదిగేవరకూ ఏమీ తినవు. ఇక అవసరం లేని ఎగిరే కండరాలను, ఒంట్లోని కొవ్వును కరిగించుకొని ఆ పోషణతోనే పిల్లలను పెంచుతాయి. దక్షిణ భారతంలో కనిపించే, దూకే చీమగా పేరొందిన హార్పెగ్నాథస్ సాల్టేటర్ రాణి మాత్రం తానే వేటాడి తెచ్చుకుంటుంది గనుక, దానికి ఆహారం అందకపోతే బతకదు.

మొదటి తరహా రాణికి ఒక పరీక్షనాళిక చాలు. మూడోవంతు నీరు పోసి, నీటికి ఆనేలా దూదిని గట్టిగా కూరి, ఎదుటి ఖాళీ భాగంలో రాణిని ఉంచి, మూతి వద్ద గాలి ఆడేలా మరో దూది పెడితే, తేమా తాగునీరూ రెండూ సమకూరుతాయి. దానిని చీకటిగా, అదురు లేకుండా, ఎండ తగలని చోట ఉంచి వారానికొకసారికి మించి చూడకూడదు, ఎందుకంటే పదేపదే కలతపడిన రాణి తన గుడ్లను తానే తినివేస్తుంది. గుడ్డు నుంచి లార్వా, లార్వా నుంచి ప్యూపా, దాని నుంచి శ్రామిక చీమ రావడానికి జాతినీ వేడిమినీ బట్టి సుమారు నెల నుంచి రెండు నెలలు పడుతుంది. తొలి శ్రామికులు అరకొర పోషణతో పెరిగినవి గనుక చిన్నవిగా ఉంటాయి, అది లోపం కాదు. అవి వచ్చాక చక్కెర నీటి చుక్కను, చిన్న పురుగు ముక్కను కొద్దికొద్దిగా అందించి, మిగిలినదానికి బూజు పట్టకముందే తీసివేయాలి. కొత్త పుట్టను వెంటనే పెద్ద గూటికి మార్చడం మేలు చేయదు.

ఈ ఓర్పుకు దక్కే ఫలం గొప్పది. చీమలను గాజు పలకల నడుమ పెంచి పరిశీలించిన ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ లబక్ వద్ద 19వ శతాబ్దంలో ఒక రాణి దాదాపు 15 ఏళ్లు జీవించింది. ఐరోపాకు చెందిన నల్లని తోట చీమ, లాసియస్ నైగర్, రాణి ఒకటి 28 ఏళ్లకు పైగా బతికినట్లు నమోదైంది.

ఇంతటి ఆయుష్షు గల జీవిని పట్టుకోవడమంటే బాధ్యతను స్వీకరించడమే. సుమారు 5,000 రాణి చీమలను దేశం దాటించబోయినవారికి 2025లో కెన్యా న్యాయస్థానం శిక్ష విధించడం, ఈ అభిరుచి వ్యాపారంగా మారితే ప్రకృతికి వాటిల్లే నష్టాన్ని గుర్తుచేస్తుంది. పరదేశపు చీమలను కొనడం, ఉన్న పుట్టను తవ్వి రాణిని తీయడం ఎంతమాత్రం తగవు. నేలపై ఒంటరిగా తిరిగే స్థానిక రాణుల్లో ఒక్కదానినే తీసుకోవాలి, పెంచలేమనుకుంటే దొరికిన చోటనే విడిచిపెట్టాలి. పిల్లలకు ప్రకృతి శాస్త్రం నేర్పదలచిన ప్రతి ఇల్లూ, ప్రతి బడీ ఈ నియమాలను పాటించాలి.