పెయింట్ వేసిన బీరువాకి చెక్క నగిషీ అంటించాలంటే

శ్రావణమాసం దగ్గర పడుతోందంటే ఇక్కడ అమెరికాలో మన వాట్సాప్ గ్రూపుల్లో దేవుడి మందిరాల ఫొటోలు మొదలవుతాయి. ఇండియా నుంచి టేకు మందిరం తెప్పించుకోవాలంటే షిప్పింగ్ ఖర్చు భయపెడుతుంది. అందుకని చాలామంది పాత డ్రెస్సరో, గాజు తలుపుల క్యాబినెట్టో సెకండ్ హ్యాండ్‌లో కొని, తెల్ల రంగు వేసి, అంచులకి చెక్క పట్టీలు, పైన లతలూ తామరపువ్వులూ చెక్కిన ముక్కలూ అంటిస్తున్నారు. చూడ్డానికి చాలా బావుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, సంక్రాంతి వచ్చేసరికి ఒక్కో పువ్వూ ఊడి చేతికొస్తుంది. అప్పుడు అందరూ అడిగేది ఒకటే: "ఏ గమ్ మంచిది?"

గమ్ సంగతి తర్వాత. ముందు ఊడిన ముక్కని తిప్పి వెనక చూడండి. చాలాసార్లు అక్కడ గమ్ గట్టిగానే ఉంటుంది, దాని మీద బీరువా రంగు పెచ్చు కూడా అంటుకుని ఉంటుంది. అంటే గమ్ తన పని చేసింది, పట్టు వదిలేసింది పెయింటు. మీరు ముక్కని చెక్కకి అంటించలేదు, చెక్క మీద ఉన్న సన్నటి రంగు పొరకి అంటించారు. ఆ పొర చెక్కని ఎంత గట్టిగా పట్టుకుంటే మీ నగిషీ అంతే గట్టిగా ఉంటుంది. ఇంకెంత ఖరీదైన గమ్ తెచ్చినా ఆ లెక్క మారదు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే తెల్ల, పసుపు వుడ్ గ్లూలు పీవీఏ రకం. వాటిలో నీళ్లుంటాయి. ఆ నీరు రెండువైపులా చెక్క నారల్లోకి ఇంకిపోతే, మిగిలిన ప్లాస్టిక్ పదార్థం నారలతో కలిసి గట్టిపడుతుంది. సరిగ్గా అతికితే పక్కనున్న చెక్క విరుగుతుంది గానీ అతుకు విడిపోదు. కానీ నిగనిగలాడే పెయింటు నీటిని పీల్చదు. గమ్ ఆరడానికి ఆలస్యమవుతుంది, పట్టుకోవడానికి నారలూ ఉండవు.

మన కొండపల్లి బొమ్మలవాళ్లు ఈ పని వరస ఏనాడో తేల్చేశారు. తెల్ల పొనికి కర్రతో చేతులూ, తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, ఆ తర్వాతే రంగులు వేస్తారు. పచ్చి చెక్కకి పచ్చి చెక్క, రంగు ఆఖర్న. మీరు ఇంకా పెయింట్ వేయకపోతే ఇదే పద్ధతి పాటించండి, సగం తలనొప్పి అక్కడే పోతుంది.

ఇప్పటికే పెయింట్ ఉంటే నగిషీ కూర్చునే చోట మాత్రం దాన్ని తీసేయాలి. కానీ సాండ్‌పేపర్ పట్టుకునే ముందు ఒక్క మాట, ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అమెరికాలో ఇళ్ల పెయింట్లలోనూ, ఫర్నిచర్, బొమ్మల మీదా సీసం కలిసిన రంగుని 1978లో నిషేధించారు. గరాజ్ సేల్‌లో కొన్న "యాంటిక్" డ్రెస్సర్ అంతకన్నా పాతది కావచ్చు, పైన కొత్త రంగున్నా అడుగు పొరల్లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా రుద్దితే వచ్చే దుమ్ము కార్పెట్‌లో చేరుతుంది, అక్కడ పాకే పిల్లల చేతులు నోట్లోకి వెళ్తాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఇంత వరకైతే ఫరవాలేదు అని చెప్పగలిగే మోతాదు లేదు. వస్తువు వయసు తెలియకపోతే రుద్దకండి, గీకకండి. ఒక పెచ్చుని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించండి. ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే అంత శ్రమ కూడా వద్దు, కొత్త చెక్కతో చేసింది కొనుక్కోమనే నా సలహా. ఇప్పటికే ఇంట్లో రుద్ది ఉంటే పిల్లల డాక్టర్‌ని అడిగి రక్తపరీక్ష చేయించండి.

సీసం భయం లేదని తేలాక పని తేలికే. ముక్కని దాని చోట పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయండి. ఆ గీతకి ఎనిమిదో వంతు అంగుళం లోపలి వరకే పెయింట్ తీయండి, అప్పుడు అంచు బయటికి కనిపించదు. బ్లేడుతో గీకి, 120 నంబరు సాండ్‌పేపర్‌తో చెక్క కనిపించేదాకా రుద్ది, దుమ్ము తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఫర్నిచర్ పాలిష్ వాడిన వస్తువైతే రుద్దకముందే సబ్బునీళ్లతో జిడ్డు వదిలించాలి, లేకపోతే ఆ జిడ్డునే చెక్కలోకి రుద్దినట్టవుతుంది. గమ్ పల్చగా రాయాలి. ఎక్కువ రాస్తే ముక్క జారుతుంది, పువ్వు రేకుల మధ్యలోంచి పొంగుతుంది. బరువు పెట్టో, పెయింటర్స్ టేప్ వేసో అరగంట కదలనివ్వకండి. పూర్తి బలం రావడానికి 24 గంటలు పడుతుంది. పొడుగు పట్టీలకి 23 గేజ్ పిన్ మేకులు రెండు మూడు కొడితే క్లాంపులతో పనుండదు, రంధ్రాలు కంటికి ఆనవు. రంగు ఈమధ్యే వేసి ఉంటే టేప్ దగ్గర జాగ్రత్త. లేటెక్స్ పెయింట్ గంటలో ఆరినట్టనిపించినా, పూర్తిగా గట్టిపడటానికి నెల దాకా పట్టొచ్చు.

అన్నీ చెక్కే అనుకోకండి. చవక ఫర్నిచర్ చాలావరకు పొట్టు అట్ట మీద ప్లాస్టిక్ కాగితం అతికించినది. దాన్ని గీకితే లోపల పొట్టు బయటపడుతుంది, మేకులూ నిలవవు. అలాంటిదానికి పై పొరని కాస్త గరుకు చేసి రెండు ట్యూబుల ఎపాక్సీ వాడాలి. ఆన్‌లైన్‌లో దొరికే నగిషీల్లో రెజిన్‌తో పోత పోసినవీ ఉంటాయి, అవి నీళ్లు పీల్చవు కాబట్టి వుడ్ గ్లూ పనికిరాదు, వాటికీ ఎపాక్సీయే. ఇక సూపర్ గ్లూ ఒక్కటే నమ్ముకోవడం నాకు నచ్చదు. అది పెళుసు, తలుపు దభాలున వేస్తే ఆ అదురుకే వదిలేస్తుంది. వుడ్ గ్లూ ఆరేదాకా ముక్కని నిలబెట్టడానికి రెండు చుక్కలు వాడుకోవచ్చు.

చలికాలం సంగతి కూడా చూడాలి. హీటర్ వేసిన ఇంట్లో గాలి పొడిబారి చెక్క కుంచించుకుంటుంది, వేసవిలో మళ్లీ ఉబ్బుతుంది. ఈ కదలిక నారలకి అడ్డంగా ఎక్కువ, నిలువుగా దాదాపు ఉండదు. వెడల్పాటి అసలు చెక్క పలక మీద నారలకి అడ్డంగా పొడుగు పట్టీ అంటిస్తే కింద పలక కదులుతుంది, పైన పట్టీ కదలదు, చివరికి పట్టీ ఊడటమో పలక చీలడమో జరుగుతుంది. అలాంటిచోట పట్టీ నడుమ రెండు మూడు అంగుళాలు మాత్రమే గమ్ రాసి, కొసలకి పిన్నులు కొట్టండి. సన్నటి పిన్ను కొంచెం వంగి ఆ కదలికకి చోటిస్తుంది. ఎండీఎఫ్, ప్లైవుడ్ పలకలకి ఈ బాధ లేదు.

అంచుల్లో మిగిలిన సందుల్ని పెయింట్ పట్టే యాక్రిలిక్ కాక్‌తో నింపండి. సిలికాన్ కాక్ మీద రంగు నిలవదు. తర్వాత ప్రైమర్ ఒక పూత, పెయింట్ రెండు పూతలు.

మందిరమైతే ఇంకొకటి. పీవీఏ గమ్ వేడికి మెత్తబడుతుంది, ఎండీఎఫ్ అయినా పైన్ అయినా మంటకి అంటుకునేవే. దీపం వెలిగించే చోటికి నేరుగా పైన నగిషీ ఏదీ పెట్టకండి. కుంది కింద వెడల్పాటి ఇత్తడి పళ్లెం ఉంచి, పళ్లెంతో సహా మందిరం బయటికి జరిపి వెలిగించండి.