మౌనమే మోసమునకు తోడు

పూర్వపు కరీంనగరు జిల్లా పల్లెలలో కుమారులు గల్ఫుదేశములకు వెడలగా నొంటరిగ నున్న తల్లిదండ్రులు పెక్కుమంది. గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గుగనులలో శ్రమించి విరమించిన వృద్ధులును పెక్కుమందియే. వీరి కడపటి యాధారమైన సొమ్ముపై మోసగాండ్రకు కన్నుపడినది. ఫోనులో పోలీసులమని బెదరించి, “డిజిటల్ అరెస్టు” చేసితిమని, యెవ్వరికిని చెప్పవలదని శాసించి సర్వస్వము హరించుచున్నారు. అట్టి అరెస్టు చట్టమున లేనేలేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ స్పష్టపరచిరి.

మోసపోయిన పెద్దలు బిడ్డలు నిందింతురను వెరపుచే నోరు మెదపరు. ఆ జాగే దొంగకు లాభము. తక్షణమే 1930 సంఖ్యకు ఫోనుచేసి తెలిపినచో సొమ్మును దారిలో నిలుపు నవకాశము గలదు. కావున బిడ్డలారా! పోయిన ధనమునకై పెద్దలను దూషింపకుడు. నేడే వారితో మాటలాడుడు. మీ యోదార్పే వారికి ప్రథమరక్ష.