బందరు రేవు నుంచి స్కాట్లండు దాకా

మచిలీపట్నం పేటల పేర్లు వరసగా చదివితే చాలు, ఈ రేవులో ఎవరెవరు దిగారో తెలిసిపోతుంది. వలందపాలెం డచ్చివారిది. పరాసుపేట ఫ్రెంచివారిది. ఇంగ్లీషుపాలెం సంగతి పేరే చెబుతోంది. స్కాట్లండు పేరుతో మాత్రం ఇక్కడ పేటా లేదు, పాలెమూ లేదు. స్కాట్లండు వాళ్ళు ఇక్కడికి తమ సొంత జెండాతో రాలేదు మరి. 1707లో ఆ దేశం ఇంగ్లండుతో కలిసి ఒకే రాజ్యమయ్యాక, ఈస్టిండియా కంపెనీ కొలువుల్లో చేరి వచ్చారు. 1784లో లండన్‌లో భారత వ్యవహారాల మీద అజమాయిషీకి ఒక బోర్డు ఏర్పడితే, అందులో చాలాకాలం చక్రం తిప్పినవాడు ఎడింబరోకు చెందిన హెన్రీ డండాస్. చలిగాలుల దీవుల్లో, కొండ పల్లెల్లో పెరిగిన చదువుకున్న కుర్రాళ్ళకు ఆ రోజుల్లో మద్రాసు కొలువే పెద్ద దారి.

మన పూర్వీకుల లెక్కలో అందరూ దొరలే. ఎవరిది ఏ ఊరని అడిగినవాళ్ళు తక్కువ. అందుకే ఇప్పటికీ మనం అందరినీ ఒకే గాట కట్టేస్తాం. ఆనకట్టల కాటన్ ఇంగ్లండు మనిషి. బందరు నోబుల్ కాలేజీకి పేరిచ్చిన రాబర్ట్ నోబుల్ కూడా అంతే. కానీ దిగువ కృష్ణలోని రాళ్ళు, ఊళ్ళ చరిత్రలు, బట్టల ఎరుపు, చివరికి పొలం గట్ల మీది పాములు కూడా లోకానికి తెలిసిన దారి చూస్తే, మలుపు మలుపుకూ ఒక స్కాట్లండు మనిషి కనిపిస్తాడు. ఆ మనిషికి చెప్పి, చూపించి, చదివి వినిపించిన తెలుగువాడూ పక్కనే ఉంటాడు. మొదటివాడి పేరు పుస్తకాల అట్టల మీదుంది. రెండోవాడి పేరు చాలాచోట్ల లేదు. స్కాట్లండు తన వారసత్వమని చెప్పుకునే దానిలో మన వాటా ఎంతో తేల్చుకోవలసింది ఇక్కడే.

రాళ్ళు నడిచిన దారి

కాలిన్ మెకంజీది లూయిస్ దీవిలోని స్టోర్నవే అనే చిన్న రేవు పట్నం. 1754లో పుట్టాడు, 1783లో మద్రాసు సైన్యంలో ఇంజనీరుగా వచ్చాడు, 1815లో మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నెను తవ్వితే చెక్కడపు రాళ్ళు బయటపడ్డాయని విని, 1798లో అక్కడికి వెళ్ళాడు. మళ్ళీ 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని వెళ్ళి, కనిపించిన ప్రతి ఫలకాన్నీ కొలతలతో సహా గీయించాడు. ఆ తర్వాత చెదిరిపోయిన, ముక్కలైపోయిన రాళ్ళు చాలా ఉన్నాయి. వాటి రూపం మనకు మిగిలింది ఆ బొమ్మల్లోనే. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

తర్వాతి మజిలీ బందరు. కలెక్టరు రాబర్ట్‌సన్ పట్నంలో కొత్త పేట కట్టిస్తూ, దాని బజారు నడుమ ఒక దిబ్బ పోయించి, అమరావతి నుంచి తెప్పించిన ఫలకాలను దానికి అలంకారంగా నిలబెట్టించాడు. రాబర్ట్‌సన్‌పేట పేరు ఈనాటికీ జనం నోట ఉంది. కూరగాయల బేరాల మధ్య, ఎండకూ వానకూ, సముద్రం మీది ఉప్పుగాలికీ నిలబడి బుద్ధుడి కథలు చెప్పిన ఆ ఫలకాల ముచ్చట మాత్రం ఊరు మరిచిపోయింది. 1835లో మద్రాసు గవర్నరు ఫ్రెడరిక్ ఆడం బందరు వచ్చి వాటిని చూసి, మద్రాసుకు పంపించమన్నాడు. ఈయన కిన్రాస్ ప్రాంతపు స్కాట్లండు కుటుంబీకుడు.

అటుపైన వచ్చినవాడు వాల్టర్ ఇలియట్. 1803లో ఎడింబరోలో పుట్టాడు. స్వస్థలం హాయిక్ దగ్గర వుల్ఫెలీ. డొక్కల కరువు తర్వాత కుదేలైన గుంటూరు సీమ రెవెన్యూ ఎందుకు పడిపోయిందో విచారించే పని మీద వచ్చి, 1845లో అమరావతి దిబ్బను తవ్వించి రాళ్ళను మద్రాసుకు చేర్చాడు. అక్కడ అవి కోట బయట ఆరుబయట ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. 1859లో వందకు పైగా ఫలకాలు ఓడెక్కి లండన్ చేరాయి. లండన్‌లోనూ వాటికి ఆదరణ దొరకలేదు. 1867లో ఒక భవంతి గుర్రపుశాలలో వాటిని గుర్తుపట్టి బయటికి తీయించినవాడు జేమ్స్ ఫెర్గూసన్. ఈయనది స్కాట్లండులోని ఏర్ పట్నం. ఆ మరుసటేడు సాంచి, అమరావతి శిల్పాల మీద పెద్ద పుస్తకం వేశాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం సొత్తయ్యాయి. అమరావతిలో మిగిలినదాన్ని పరిశీలించి 1887లో గ్రంథం రాసిన జేమ్స్ బర్జెస్‌ది డంఫ్రీస్ ప్రాంతం.

మెకంజీ, ఆడం, ఇలియట్, ఫెర్గూసన్, బర్జెస్. ఐదుగురూ స్కాట్లండు వాళ్ళే. వాళ్ళు కూడబలుక్కుని చేసిన పనేమీ కాదిది. కంపెనీ కొలువుల్లో ఆ దేశస్థులు అంత దట్టంగా ఉన్నారు, అంతే. వాళ్ళు రాళ్ళను కాపాడారా, కొల్లగొట్టారా అని నన్నడిగితే, మెకంజీ బొమ్మలకు చేతులెత్తి మొక్కుతాను. ఇలియట్ శ్రమ కూడా తక్కువది కాదు. కానీ స్తూపాన్ని ముక్కలు చేసి మూడు నగరాలకు పంచిన అధికారానికి నా మొక్కు లేదు. అమరావతిలో దిబ్బ పోయి గొయ్యి మిగిలింది. ఆ నష్టం మనది.

అదే చూపు మన డెల్టా మీదా పడింది. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల మీద పురావస్తు శాఖ ఉద్యోగి అలెగ్జాండర్ రీ రాసిన పుస్తకం 1894లో అచ్చయింది. గుడివాడ బస్టాండులో దిగినవాడికి ఈ ఊరు రెండువేల ఏళ్ళ నాటిదని చెప్పే బోర్డు ఒకటి కనిపిస్తే ఎంత బాగుండును. ఘంటసాల కథ కూడా పాతదే. గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన కొంటకోసిల అనే రేవు ఇదేనని పండితులు గుర్తించారు. అక్కడి శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియం దాకా వెళ్ళాయి.

ఏలూరు కుర్రవాడు

మెకంజీ గురించి చెబుతూ కావలి వెంకట బొర్రయ్య గురించి చెప్పకపోతే తప్పవుతుంది. బొర్రయ్యది ఏలూరు. తెలుగు, సంస్కృతం, తమిళం, కన్నడం, ఇంగ్లీషు వచ్చినవాడు. ఇరవై ఏళ్ళ వయసులో మెకంజీ దగ్గర చేరాడు. తనకు దేశభాషలు రావనీ, బొర్రయ్య దొరికాకే ఈ దేశపు విద్యల వాకిలి తెరుచుకుందనీ మెకంజీయే తర్వాత రాసుకున్నాడు. కరణాల ఇళ్ళకు వెళ్ళి కవిలెకట్టలు విప్పించడం, గుళ్ళ గోడల మీది శాసనాలకు నకళ్ళు తీయించడం, పూజారులతో, జంగాలతో మాట్లాడించి రాయించడం ఇవన్నీ బొర్రయ్య ఏర్పరచిన పద్ధతులు. తెలుగునాట ఊరూరి కైఫియ్యత్తులు పుట్టింది అలాగే. 1803లో బొర్రయ్య కన్నుమూశాడు. ముప్పై కూడా నిండలేదు.

తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి దక్కను కవుల జీవిత చరిత్రలు ఇంగ్లీషులో రాసి 1829లో అచ్చువేశాడు. 1821లో మెకంజీ పోయాక కంపెనీ ఆ సేకరణను ఆయన భార్య దగ్గర 10,000 పౌండ్లకు కొన్నది. మిగిలిన పనిని తాను పూర్తిచేస్తానని లక్ష్మయ్య 1830ల్లో అర్జీ పెట్టుకుంటే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అంతటి పనికి అతడు చాలడని తోసిపుచ్చారు. పాతికేళ్ళకు పైగా ఆ పని చేసినవాడికే ఆ మాట అన్నారు. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమంటుంది.

థామస్ హికీ 1816లో గీసిన మెకంజీ చిత్రపటంలో ఎర్రకోటు దొర పక్కన ముగ్గురు భారతీయులున్నారు. ఒకరి చేతిలో దుర్భిణి ఉంది. స్కాట్లండు ఆ చిత్రాన్ని తమ బిడ్డడి ఘనతగా చూస్తుంది. మనం మన పిల్లలకు చూపించాల్సింది ఆ పక్కనున్నవాళ్ళను.

ఎరుపు

ఇప్పుడు బట్టల దగ్గరికి వద్దాం. బందరు కలంకారీ ఎరుపుకు మూలం చిరివేరు. సముద్రపు ఒడ్డున ఇసక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది. వేరు పైబెరడులో రంగు ఉంటుంది. బట్టను కరక్కాయ, పాలతో నానబెట్టి, పటికతో అచ్చు అద్ది, పారే నీళ్ళలో జాడించి, చిరివేరు వేసిన కాగులో ఉడకబెడితే పటిక పడ్డచోట ఎరుపు పట్టుకుంటుంది. తక్కినచోట బట్ట తెల్లగా తేలుతుంది. ఉతికినకొద్దీ ఆ ఎరుపు నిగ్గు తేలుతుందే తప్ప వెలవదు. పదిహేడో శతాబ్దిలో డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు ఈ తీరంలో కాచుకుని కూర్చున్నది దీనికోసమే.

ఈ మొక్కను శాస్త్రీయంగా వర్ణించి బొమ్మ వేయించినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఏర్‌షైర్‌లో పుట్టిన స్కాట్లండు వైద్యుడు. సామర్లకోటలో తోట వేసి ఏళ్ళ తరబడి ఈ తీరపు మొక్కల మీద పనిచేశాడు. 1795 నుంచి సంపుటాలుగా వెలువడిన ఆయన కోరమండల్ మొక్కల గ్రంథం మొదటి పుటల్లోనే చిరివేరు ఉంది. మొక్కతో ఆగకుండా ఇక్కడి రంగరేజులు ఎలా రంగు తీస్తారో కూడా రాశాడు. చెప్పినవాళ్ళ పేర్లు రాయలేదు.

అదే కాలంలో స్కాట్లండులో ఇంకో కథ మొదలైంది. 1785లో జార్జి మాకింటాష్, డేవిడ్ డేల్ అనే ఇద్దరు గ్లాస్గో దగ్గర దల్మార్నాక్‌లో, ఫ్రాన్సు నుంచి వచ్చిన నిపుణుడి సాయంతో 'టర్కీ ఎరుపు' అద్దకం పెట్టారు. నూనె, పటిక, మంజిష్ఠ జాతి వేరు దానికి ముడిసరుకు. ఆ వేరులోనూ మన చిరివేరులోనూ రంగునిచ్చే పదార్థం ఒకటే, అలిజరిన్. లెవెన్ ఏటి లోయలో అద్దకపు మిల్లులు బారులు తీరాయి. గ్లాస్గో వర్తకులు గట్టిగా ఆందోళన చేశారు. 1813లో భారతదేశంతో వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం రద్దయింది. ఆపైన నెమళ్ళు, మామిడి పిందెలు అచ్చువేసిన ఆ ఎర్రబట్టలు ఓడలకెక్కి మన రేవుల్లోనే దిగాయి. మన నమూనాలే మనకు అమ్మారు, మన అద్దకందారు పొట్టకొట్టారు. 1868లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక వేళ్ళతో పనే లేకపోయింది. చిరివేరు తవ్వే కూలీల బతుకుతెరువు పోయింది. లెవెన్ లోయలో మిగిలిన పెద్ద మిల్లులన్నీ 1890ల చివర్లో ఒకే కంపెనీగా కలిసి, 1960 నాటికి మూతపడ్డాయి. ఇవాళ ఆ లోయలో అద్దకం లేదు. బందరు దగ్గరి పెడనలో ఇంకా టేకు అచ్చుల చప్పుడు వినిపిస్తోంది.

ఆ మిల్లుల నమూనా పుస్తకాలు దాదాపు 200 ఎడింబరోలోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియంవాళ్ళు ఎడింబరో విశ్వవిద్యాలయంతో కలిసి వాటిమీద మంచి పరిశోధన చేశారు. వాటిని చూసి ఇది మా ముత్తాత అచ్చు, ఇది అచ్చంగా ఫలానా ఊరి తీగ అని చెప్పగల కళ్ళు మాత్రం పెడనలో ఉన్నాయి.

పొలం గట్టు మీద

దివిసీమలో పొలం పనులు మొదలైతే భయం రక్తపింజరదే. 2018 ఆగస్టులో వరసగా పాముకాట్లు పడి అవనిగడ్డ ఆస్పత్రి బాధితులతో నిండిపోయింది. ఆ నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో ప్రభుత్వమే సర్పయాగం చేయించింది. లోకం ఆ పామును రసెల్స్ వైపర్ అంటుంది. ఆ రసెల్ ఎడింబరో వైద్యుడు పాట్రిక్ రసెల్. 1781లో తమ్ముడితో విశాఖపట్నం వచ్చి, తర్వాత కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. ఏ పాము విషపుదో, ఏది కాదో సైనికులకూ జనానికీ తెలిస్తే అనవసరపు చావులు తప్పుతాయని ఆయన తపన. 1796లో అచ్చయిన పుస్తకంలో బొమ్మల కింద తెలుగువాళ్ళు చెప్పిన పేర్లే ఉంచాడు. రక్తపింజర అందులో 'కాటుక రేకుల పొడ'. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు వాడే బంగారస్ అన్న పేరు కూడా రసెల్ రాసుకున్న తెలుగు పేరు నుంచి వచ్చిందే. పాములు పట్టి తెచ్చి పేర్లు చెప్పిన మనుషులెవరో ఆ పుస్తకంలో లేదు. విషపు పళ్ళ ముందు చేయి పెట్టింది వాళ్ళు.

ఇలియట్ కూడా 1859లో ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లతో ఒక పుస్తకం వేశాడు. భారతదేశం నుంచి ఆయన పంపిన పక్షి చర్మాలకు డార్విన్ తన జగత్ప్రసిద్ధ గ్రంథంలో కృతజ్ఞత చెప్పాడు.

స్కాట్లండుతో ముడిపడిన జ్ఞాపకాలు బందరుకు ఇంకో రెండున్నాయి. 1809లో ఇక్కడి యూరోపియన్ పటాలం అధికారులు తమ కమాండరునే నిర్బంధించి తిరగబడితే, నచ్చజెప్పడానికి మద్రాసు నుంచి ఓడలో వచ్చినవాడు ఎస్క్‌డేల్ లోయకు చెందిన జాన్ మాల్కం. దాదాపు అవే రోజుల్లో హైదరాబాదు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసా, భర్త పోయి, పిల్లలు సీమకు వెళ్ళిపోయి, సొంత ఊరికి రానివ్వక ఈ బందరులోనే ప్రవాసం గడిపింది. ఆమె కూతురు కిట్టీ అక్కడ పెరిగి, స్కాట్లండు రచయిత థామస్ కార్లైల్‌కు స్నేహితురాలైంది. ఆయన నవలలోని నాయికకు కిట్టీయే ఆధారమని చాలామంది నమ్మకం. తల్లిని ఆమె మళ్ళీ చూడలేదు. ఖైరున్నిసా 1813లో హైదరాబాదులో చనిపోయింది.

2017లో స్టోర్నవేలోని మ్యూజియంలో మెకంజీ సేకరణతో ఒక ప్రదర్శన పెట్టారు. దీవి జనం తమ ఊరివాడు ఎక్కడెక్కడ తిరిగాడో వచ్చి చూసుకున్నారు. అలాంటిది బందరులో కూడా జరగాలి. అమరావతి బొమ్మల నకళ్ళు ఘంటసాలకు తెప్పించవచ్చు. ఎడింబరో నమూనా పుస్తకాల ఫోటోలను పెడన అద్దకంవాళ్ళ ముందు పెట్టి, వాళ్ళు చెప్పేది రాసుకోవచ్చు. రెండు ప్రభుత్వాల సాంస్కృతిక శాఖలు, ఒక విశ్వవిద్యాలయం, కొందరు చేనేత పెద్దలు కూర్చుంటే అయ్యే పని ఇది. స్టోర్నవే పిల్లలకు బొర్రయ్య పేరు, ఏలూరు పిల్లలకు స్టోర్నవే పేరు తెలియడం అక్కడి నుంచే మొదలవుతుంది.